మూడాకుల మొక్క కోసం వెళ్తే నాలుగాకులది అంటగట్టారు

శ్రీకాకుళం జిల్లా మందస కొండల్లో మొక్కలు చూపిస్తామని ఎవరైనా ముందే డబ్బు అడిగితే ఇవ్వకండి. నేను 1,500 రూపాయలు ఇచ్చి బుద్ధి తెచ్చుకున్నాను.

సర్పగంధి అనే మందుమొక్కను అడవిలో చూడాలన్నది నా పాత కోరిక. బీపీ మాత్ర వేసుకోనిదే కాఫీ ముట్టని మా బావగారు తోడు వచ్చారు. విజయనగరం నుంచి పలాస దాకా రైల్లో హాయిగానే గడిచింది. పలాసలో బస మాత్రం శుద్ధ దండగ. ఫోనులో 900 అన్న గది, సామాను దించాక 1,200 అయింది. వేడినీళ్ళు బకెట్టుకు 30. బావగారు పంతానికి చన్నీళ్ళు పోసుకుని, ఆ కోపం నామీద చూపించారు.

మర్నాడు, ఆ 1,500 ముందే పుచ్చుకున్న గైడు అడవిలోకి అడుగైనా పెట్టలేదు. రోడ్డు పక్క తుప్పలో ఒక మొక్కను చూపించి, "ఇదే సార్ సర్పగంధి" అన్నాడు. కణుపుకు నాలుగేసి ఆకులు, అవీ ఒక్క సైజు కావు. అమెరికా ఖండం నుంచి వచ్చి మన బంజర్లలో పాతుకుపోయిన దాయాది అది. అసలు సర్పగంధికి సాధారణంగా కణుపుకు మూడు ఆకులు. దానికి చెట్ల నీడ, ఆకులు కుళ్ళిన తేమ నేల కావాలి. అదే చెబితే, "వేళ్ళు కొనేవాళ్ళే ఇంత చూడరు సార్" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

టీకొట్టు దగ్గర మా గొడవ విన్న ఒక సవర గిరిజన పెద్దావిడ, "తవ్వనంటే చూపిస్తాను బాబూ" అంది. ముప్పావుగంట ఎక్కుడు. గెడ్డ (కొండవాగు) పక్కన, నీడలో, మోకాలెత్తు మొక్క. తెల్లటి పూలగుత్తికి ఎర్రటి కాడలు, ఒక పక్క నిగనిగలాడే రెండు నల్లటి కాయలు.

"ఇంతేనా?" అన్నారు బావగారు. 1952లో దీని వేరు నుంచే రిసర్పిన్ అనే బీపీ మందును వేరుచేశారని చెప్పాక చెప్పులు విడిచి కూర్చున్నారు. హిమాలయ పాదాల నుంచి అండమాన్ దాకా ఉండే మొక్కే, కానీ మందంతా వేరులో ఉండడంతో దొరికినచోటల్లా పెళ్ళగించేశారు. 1990 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ (ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే దేశాల ఒప్పందం) నియంత్రణ ఉంది. ఆ గెడ్డ పేరు మాత్రం అడగకండి, చెప్పను.

పెద్దావిడ 200 పుచ్చుకుంది, అదీ బలవంతం మీద.

దిగాక మందస కోవా, పావుకిలో 120. పాలు కాగిన కమ్మదనం, నాలుకకు తగిలే సన్నటి పలుకు. బావగారు రెండో పొట్లం కట్టించారు. బీపీ సంగతేమిటని అడిగితే, కోవాలో ఉప్పుండదు కదా అన్నారు.