అమ్మ కోసం ఇంట్లోనే పెట్టిన డిజిటల్ డైరీ: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇదేం పెద్ద ప్రాజెక్ట్ కాదు. ఇంట్లో సర్వర్‌గా ఒక రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), దానికో చిన్న ఎస్ఎస్‌డీ, పైథాన్ ఫ్లాస్క్‌లో (వెబ్ పేజీలు తయారుచేసే టూల్) రాసిన నాలుగు పేజీలు, వెనకాల ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్లో ఇమిడే డేటాబేస్), అంతే. అమ్మ ఫోన్‌లో ఐకాన్ నొక్కితే ఇవాళ్టి తేదీతో ఖాళీ పేజీ వస్తుంది, రాసుకుంటుంది, మూసేస్తుంది. రెండేళ్ళు దాటింది, ఇప్పటికీ వాడుతోంది. నేను చేసిపెట్టినవాటిల్లో ఆవిడ వదిలేయకుండా వాడేది ఇదొక్కటే.

రెడీమేడ్‌వి లేవా అంటే బోలెడున్నాయి. మెమోస్, జాప్లిన్ లాంటి నోట్స్ యాప్‌లున్నాయి, డాకర్ (యాప్‌ల్ని సర్వర్లో తేలిగ్గా పెట్టే టూల్) అలవాటున్నవాళ్ళు ఓ పూటలో పెట్టేసుకోవచ్చు, మీ సొంతానికైతే అవే పెట్టుకోండి. కానీ అమ్మకి ట్యాగులూ, మార్క్‌డౌన్ లాంటి ఫార్మాటింగ్ గుర్తులూ ఎందుకు చెప్పండి, పక్కన మెనూ కనపడితేనే "ఇది నొక్కితే రాసిందంతా పోతుందేమోరా" అని చెయ్యి వెనక్కి తీసేసుకుంటుంది. అందుకే సొంతంగా రాశా. మూడ్ ఎమోజీలు, వరసగా ఎన్నిరోజులు రాసిందో చూపించే లెక్క, ఇవన్నీ మొదట్లో ఉండేవి, ఒక్కోటీ తీసేశా. ఆ లెక్కైతే మరీ ఘోరం, ఒకరోజు రాయకపోతే సున్నా చూపించి ఆవిడకి హోంవర్క్ ఎగ్గొట్టిన ఫీలింగ్ తెప్పించేది.

తేదీ విషయం మాత్రం పట్టించుకోండి. రాత్రి పన్నెండు దాటాక రాసింది కంప్యూటర్ లెక్కలో మర్నాటిది, మనిషి లెక్కలో ఆ రోజుదే. అందుకని డైరీ తేదీని టైమ్‌స్టాంప్‌తో (సేవ్ అయిన అసలు సమయంతో) కలపకుండా విడిగా దాచి, తెల్లవారుజాము 4 దాకా నిన్నటి పేజీయే తెరుచుకునేలా పెట్టా. టైప్ చేస్తున్నది కొన్ని సెకన్లకోసారి దానంతటదే సేవ్ అవ్వాలి, ఫోన్లో బ్రౌజర్ ఎప్పుడు మూసుకుపోతుందో ఎవరికీ తెలీదు. అమ్మ ఎక్కువగా మైక్ నొక్కి మాట్లాడేస్తుంది, పేజీ మొత్తం ఒకే వాక్యం, ఎక్కడా ఫుల్‌స్టాప్ ఉండదు. సరిచేసే కోడ్ పెడదామనుకుని ఊరుకున్నా, చదువుతుంటే ఆవిడ మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

వెతకడం దగ్గర తెలుగువాళ్ళకి ఒక తిరకాసుంది, ఇది ఎక్కడా చెప్పరు. ఎస్‌క్యూలైట్‌లో మాటలు వెతికిపెట్టే ఎఫ్‌టీఎస్5 సెర్చ్ మామూలు సెట్టింగ్‌లో అక్షరాల్నీ అంకెల్నీ మాత్రమే మాటలో భాగంగా తీసుకుంటుంది, మన గుణింతాల గుర్తులు ఖాళీ జాగాల కింద లెక్క. దాంతో గుడి అని వెతికితే గోడ కూడా వస్తుంది, ఎందుకంటే దానికి రెండూ గ, డ లే! టోకెనైజర్‌కి (రాసినదాన్ని మాటలుగా విడగొట్టే భాగం) యూనికోడ్ కేటగిరీల్లో ఎల్ (అక్షరాలు), ఎన్ (అంకెలు) తో పాటు ఎమ్ (గుణింతాల్లాంటి గుర్తులు) కూడా కలిపి, ఇండెక్స్ మళ్ళీ కట్టిస్తే సరిపోతుంది. డైరీని పీడీఎఫ్ చెయ్యాలన్నా ఇలాంటి తిరకాసే, కొన్ని లైబ్రరీలు ఒత్తుల్ని విడగొట్టి పక్కన పడేస్తాయి, నేనైతే పేజీని బ్రౌజర్లో తెరిచి అక్కణ్ణుంచే ప్రింట్ ఇస్తున్నా, ఒత్తులు చక్కగా వస్తాయి.

ఇక అసలు సంగతి. పెట్టిన కొత్తల్లోనే అమ్మ అడిగింది, "ఇది నువ్వు కూడా చదవచ్చా?" అని. చదవచ్చు, డేటాబేస్ అంటే ఒక్క ఫైలు, సర్వర్ నాది, తెరిస్తే అన్నీ కనపడతాయి. అదే చెప్పా. సొంత సర్వర్ అంటే ప్రైవసీ అని అందరం అంటాం గానీ ఆ ప్రైవసీ బయటి కంపెనీల నుంచే, ఇంట్లో అడ్మిన్ నుంచి కాదు. ఆవిడేం కోప్పడలేదు, "అయితే కొన్ని రాయన్లే" అంది. నాకది నచ్చలేదు, రాసుకోవడానికి ఇచ్చి రాయకుండా చేస్తే ఎలా?

అందుకని "నాకు మాత్రమే" అని ఒక బటన్ పెట్టా. అది నొక్కితే ఫోన్లోనే, బ్రౌజర్లో ఉండే వెబ్ క్రిప్టోతో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చడం) అయ్యాకే పేజీ సర్వర్‌కి వస్తుంది, అవి సేవ్ అయ్యేది కూడా ఆ రూపంలోనే. నాకు కనపడేది చెత్త అక్షరాలు. రెండు ఇబ్బందులున్నాయి. వెబ్ క్రిప్టో హెచ్‌టీటీపీఎస్ లేకుండా పనిచెయ్యదు, ఇంట్లోనే కదా అని ఉత్త ఐపీ అడ్రస్‌తో తెరిస్తే కుదరదు. నేను టెయిల్‌స్కేల్ (మన పరికరాల మధ్యే నడిచే వీపీఎన్) వాడుతున్నా, హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన సర్టిఫికెట్ దాన్నుంచే వస్తోంది, రౌటర్లో పోర్ట్ తెరవాల్సిన పని కూడా లేదు. రెండోది, ఆ "నాకు మాత్రమే" పేజీల్లో సెర్చ్ పనిచెయ్యదు, పాస్‌వర్డ్ మర్చిపోతే అవి నేను కూడా తెప్పించలేను. ఈ ముక్క వాడేవాళ్ళకి ముందే విడమర్చి చెప్పాలి. అమ్మ కాగితం మీద రాసి ఎక్కడో దాచుకుంది, ఎక్కడో నాకు చెప్పలేదు.

బ్యాకప్ లేకుండా ఇంకొకళ్ళ డైరీ మీ దగ్గర పెట్టుకోకండి. రన్ అవుతున్న ఎస్‌క్యూలైట్ ఫైల్‌ని ఉత్తినే కాపీ కొడితే సగం రాసిన స్థితిలో దొరకొచ్చు, ఎస్‌క్యూలైట్‌లోనే ఉండే బ్యాకప్ కమాండ్ గానీ వాక్యూమ్ ఇన్‌టూ కమాండ్ గానీ వాడాలి. ఆ కాపీ రెస్టిక్ అనే బ్యాకప్ టూల్‌తో ఒకటి వేరే డిస్క్‌కి, ఒకటి ఇల్లు దాటి బయటికి వెళ్తుంది. ఇవి కాక నెలకోసారి రోజుకో టెక్స్ట్ ఫైలు చొప్పున, ఫొటోలు పక్కన ఫోల్డర్లో, చెల్లి లాప్‌టాప్‌లోకి పోతాయి. రేపు నేను అందుబాటులో లేకపోయినా నోట్‌ప్యాడ్ తెరవడం ఎవరికైనా వచ్చు కదా. "నాకు మాత్రమే" పేజీలు అందులోకి వెళ్ళవు, అది అమ్మ మాటే.

చికాకులు లేవని కాదు. ఫోన్ బ్యాటరీ ఆదా చేస్తున్నానంటూ వీపీఎన్‌ని ఆపేస్తుంది, అప్పుడు "పేజీ రావట్లేదు" అని నాకే ఫోన్. ఐఫోన్ నుంచి వచ్చే హెచ్ఈఐసీ ఫొటోలు క్రోమ్‌లో కనపడవు, సర్వర్లో జేపెగ్‌కి మార్చాలి, మార్చేటప్పుడే జీపీఎస్ వివరాలు తీసేయండి.

ఐదుకి నాలుగిస్తా. ఇలాంటి పనులు సరదాగా చేసుకునేవాళ్ళకే, అర్ధరాత్రి సర్వర్ ఆగితే విసుక్కునేవాళ్ళకి నోట్‌బుక్కే మంచిది. ప్రస్తుతం అమ్మ గొంతు కూడా దాచుకుంటానంటోంది. ఓపస్ అనే ఆడియో ఫార్మాట్‌లో 24 కేబీపీఎస్ పెడితే గంటకి 11 ఎంబీ కూడా దాటదు, మాటలకి అది చాలు. జాగాకి ఇబ్బంది లేదు, రికార్డింగ్ బటన్ ఎక్కడ పెట్టాలన్నదే ఇంకా తేలలేదు, ఆవిడేమో ఉన్న బటన్లే ఎక్కువంటోంది.