పాత మెషిన్‌కి లినక్సా, విండోస్ 11కి కొత్త మెషినా?

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక నన్ను అడుగుతున్నవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. పాత మెషిన్ మీద విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలా, విండోస్ 11 నడిచే కొత్తది కొనాలా? అడిగేవాళ్లలో ఎక్కువమంది మాలాగే డీటీపీ, జిరాక్సు, చిన్నచిన్న ప్రచురణల పనిలో ఉన్నవాళ్లు. చిక్కడపల్లిలో మా ఆఫీసులో నాలుగు మెషిన్లున్నాయి, అన్నీ ఇంటెల్ ఆరో తరానివే. విండోస్ 11కి ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అందుకని ఈ తలనొప్పి నాకూ తప్పలేదు.

ముందు డబ్బు సంగతి. "లినక్స్ ఉచితం" అంటే మన దగ్గర ఎవరికీ చెవికెక్కదు. అసెంబుల్డ్ మెషిన్ కొన్నచోటే విండోస్ కూడా వేసిచ్చేవారు, దానికి ఎవరు కట్టారో మనమూ అడగలేదు. లినక్స్‌కి ఇక్కడ పోటీ డబ్బులు పెట్టి కొన్న విండోస్ కాదు, ఊరికే వచ్చిన విండోస్.

లినక్స్ వద్దన్న పట్టుదల విండోస్ చేసే మైక్రోసాఫ్ట్‌లోనే ఎప్పుడో సడలింది. 2001లో మైక్రోసాఫ్ట్ పెద్ద స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో అదే కుర్చీలోకి వచ్చిన మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కుర్రాడు సత్య నాదెళ్ల 'మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ప్రేమ' అన్నాడు. 2018లో ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌నే కొనేశారు. అమీర్‌పేటలో లినక్స్ కోర్సుకి బోర్డులు వేలాడుతుంటాయి, లోపల ఫీజు రసీదు కొట్టేది మాత్రం విండోస్ మీద.

మన బల్లల మీద లినక్స్‌కి అసలు అడ్డు అను అనే తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్. అనులో కొట్టినది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగు కాదు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంటు లేని మెషిన్‌లో తెరిస్తే కనిపించేది పిచ్చి గీతలు. పైగా పేజీలు అమర్చడానికి మేమంతా ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లోనే ఉన్నాం, అది 2001 నాటిది. పదిహేనేళ్ల పుస్తకాలు, పెళ్లి కార్డులు, సంఘాల సావనీర్లు అందులోనే ఇరుక్కుని ఉన్నాయి. ఏది మేలో తేల్చాల్సింది ఇక్కడే. పాత ఫైళ్లను మళ్లీ ఎన్నిసార్లు తెరుస్తారో లెక్క వేసుకోండి.

నేను లెక్క వేశాను. నెలకి నాలుగైదు సార్లు, అంతే. మూడు మెషిన్ల మీద లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేసేశాను. నాలుగోదాన్ని పాత విండోస్‌తోనే ఉంచి, నెట్ వైరు పీకేసి, పేజ్‌మేకర్‌కి వదిలేశాను.

ఫైళ్ల తర్వాత వచ్చింది వేళ్ల గొడవ. మా ఆపరేటర్ మొదటిరోజే చేతులెత్తేశాడు. "అన్నా, ఇరవై ఏళ్లుగా ఆపిల్ కీబోర్డు. ఇన్‌స్క్రిప్ట్ అంటే నా వేళ్లు వినవు." ఈ రెండూ తెలుగు అక్షరాలను కీల మీద వేర్వేరుగా అమర్చే లేఅవుట్లు. లినక్స్‌లో టైపింగు భాషలు మార్చే ఐబస్‌కి ఎం17ఎన్ అనే కీబోర్డుల మూటని జోడిస్తే తెలుగు ఆపిల్ లేఅవుట్ కూడా ఉంటుందని అప్పటికి నాకూ తెలియదు. కొన్ని కీలు అటూ ఇటూ అయ్యాయి, పది రోజుల్లో అలవాటు పడ్డాడు. మొదటిరోజే అది చూపించి ఉంటే అసలు పేచీయే ఉండేది కాదు. కొత్తది వద్దనేవాళ్లను మొండివాళ్లంటాం గానీ, వాళ్ల వేగం పోతే కూలి పోతుంది.

నలుపు తెలుపు పుస్తకాలకి లిబ్రెఆఫీస్ రైటర్ చాలు. రంగుల పనికి పేజీలు అమర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్. 2024లో వచ్చిన 1.6కి ముందున్న స్థిరమైన వెర్షన్‌లో తెలుగు ఒత్తులు చెదిరిపోయేవి, ఇప్పుడా బాధ లేదు. రామభద్ర, మల్లన్న, మండలి లాంటి ఫాంట్లు ఉచితమే. పెళ్లి కార్డుల సొగసుకి మాత్రం అనులో ఉన్నన్ని రకాలు ఇక్కడ లేవు, ఒప్పుకోవాలి.

లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మీద బతికేవాళ్లు విండోస్ 11 మెషిన్ కొనేయండి. లినక్స్‌లో ట్యాలీని నడిపించే కుస్తీలు రిటర్నుల గడువు రోజున పనికిరావు. పేజీలు అమర్చడానికి అడోబీ ఇన్‌డిజైన్ బాగుంటుంది, ఏటా చందా కట్టగలిగితే. విండోస్ 10నే నెట్‌తో అలాగే వాడుకుంటామంటే మీ ఇష్టం, బ్యాంకు లాగిన్‌లు మాత్రం అందులో వద్దు.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ప్రూఫు తప్పదు. ఒక్కోసారి ఒత్తులు పక్క అక్షరం కిందికి వెళ్లి కూర్చుంటాయి. ఖాళీ దొరికినప్పుడల్లా మారుస్తూ ఇప్పటికి ఆరు పుస్తకాలు ఇవతలికి తెచ్చాం. పెళ్లి కార్డుల ఫోల్డర్ జోలికి ఇంకా వెళ్లలేదు.