పెరట్లోకి నాటు కోడా, వనరాజానా?

దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో కోళ్లు పెంచుదామనుకునే ఇంట్లో ముందు తేలాల్సింది ఇదే. వనరాజా రకాన్ని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసింది.

గుడ్లు: నాటు పెట్ట ఏడాదికి 50-60 పెడుతుంది. వనరాజా వంద దాటుతుంది.

పిల్లలు: అసలు తేడా ఇక్కడే. నాటు పెట్ట తానే పొదిగి 21 రోజులకు పిల్లల్ని దింపుతుంది. గద్ద నీడ పడితే ఒక్క అరుపు, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. వనరాజా పొదగదు. పిల్లల్ని ప్రతిసారీ కొనాలి, మొదటి ఐదారు వారాలు బల్బు వేడి, దాణా ఇవ్వాలి. రాత్రి కరెంటు పోతే చలికి ఒకదాని మీద ఒకటెక్కి నలిగి చస్తాయి, అదే పెద్ద టెన్షన్.

మేత: నాటుదానికి దిబ్బ గీరుకోవడంతో పాటు గుప్పెడు నూకలు చాలు. వనరాజాకు సాయంత్రం దాణా వేస్తేనే బరువు.

రిస్క్: నాటుది చెట్టెక్కి తప్పించుకుంటుంది. బరువైన వనరాజా కుక్కకు దొరికిపోతుంది. కొక్కెర తెగులు (రాణిఖెత్ వైరస్ జబ్బు) మాత్రం రెండింటినీ ఊడ్చేస్తుంది. నాటు కోడికి టీకా అక్కర్లేదన్న మాట దయచేసి నమ్మొద్దు. ఈ తెగులుకు వారం వయసులో లసోటా టీకా చుక్కలు, నెల వయసులో మళ్లీ చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా సూది వేయించాలి.

ధర: సంతలో కిలోకు నాటుదే ఎక్కువ.

పగలంతా పొలంలో ఉండే ఇంటికి నాటు కోడే నయం. ఇంటిపట్టున మనిషి, ప్రహరీ, పిల్లలకు రోజూ గుడ్డు కావాలన్న కోరిక ఉంటే వనరాజా తెచ్చుకోండి.