రాగి రంగు వేసిన పాత ఎయిర్ పిస్టల్ కొన్న కథ

కొన్నది స్టెయిర్ ఎల్పీ 10 అనే పోటీ పిస్టల్, సెకండ్ హ్యాండ్. పెట్టింది 96 వేలు. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలి కోసం. అమ్మినతను సైనిక్‌పురిలో ఉండే ఒక కుర్రాడు. కాలేజీలో ఉన్నప్పుడు రాష్ట్ర స్థాయి దాకా ఆడాడట, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వాళ్లమ్మ మాటల్లో చెప్పాలంటే "పెట్టె అల్మారా మీద దుమ్ము తింటోంది". నేను బాలానగర్‌లో 34 ఏళ్లు టూల్‌రూమ్‌లో పని చేసి దిగినవాణ్ని. షూటింగ్ గురించి నాకు తెలిసింది రెండేళ్లుగా పిల్లను రేంజ్‌కు తీసుకెళ్లి బల్ల మీద కూర్చుని చూసినంతే. లోహం సంగతి మాత్రం కొంచెం తెలుసు. ఈ కొనుగోలులో పనికొచ్చింది ఆ రెండోదే.

చుట్టాలందరూ అడిగిన ప్రశ్నకు ముందు జవాబు. దీనికి లైసెన్సు అక్కర్లేదు. .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి రంధ్రం), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్నులకు 2016 నాటి ఆయుధ నియమాల్లో మినహాయింపు ఉంది. 10 మీటర్ల పోటీ పిస్టల్ పెల్లెట్ (చిన్న సీసపు గుండు) బరువు అర గ్రాము కూడా ఉండదు, వేగం సెకనుకు 150 మీటర్ల చుట్టుపక్కల. లెక్క కడితే 5 జౌల్స్ వస్తుంది. అలాగని ఆటవస్తువు కాదు, కన్ను పోగొట్టడానికి అది చాలు. మా ఇంట్లో పెట్టెకు తాళం, తాళంచెవి నా దగ్గర.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వెండి పతకం తెచ్చినప్పటి నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. కొత్త పిస్టల్ రెండు లక్షల పైమాట. అల్లుడు నోరు తెరవకముందే నేను పాతదానికి వేట మొదలుపెట్టాను.

సైనిక్‌పురిలో ఆ కుర్రాడు పెట్టె మూత తీయగానే మనవరాలు "అబ్బ!" అంది. నాకు మాత్రం గుండె జారింది. ఈ పిస్టల్ బ్యారెల్ మీద, అంటే నాళం మీద, అల్యూమినియం తొడుగు ఉంటుంది. నేను రేంజ్‌లో చూసినవాటికి దాని మీద మెరుపు లేని పల్చటి యానోడైజింగ్, అంటే కరెంటుతో లోహం మీద ఎక్కించే పూత. ఇది మాత్రం అద్దంలా మెరిసే రాగి రంగు. ఇప్పటి ఫోన్లకు రోజ్ గోల్డ్ అంటారే, అదే.

"ఇది కంపెనీది కాదు కదా బాబూ?"

"కాదంకుల్. లుక్ కోసం నేనే చేయించిన. బైక్ రిమ్ములకు పౌడర్ కోటింగ్ వేస్తరు కదా, మా దోస్తుకు తెలిసిన షాపు. మస్తుగ వేసిండు."

మస్తుగానే వేశాడు, అందులో అబద్ధం లేదు. ఆ షాపులో రిమ్ము ఎట్లా తయారవుతుందో నాకు తెలుసు. ముందు పాత రంగు తీయడానికి ఇసుక కొడతారు. తర్వాత పౌడర్ చల్లి 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు. రిమ్ముకు అది దివ్యంగా సరిపోతుంది. అదే పని బ్యారెల్‌ను తొడుగులోంచి తీయకుండా చేసి ఉంటే ఇసుక నేరుగా నాళం మూతిని కొడుతుంది. లోపల గాలి ఆపే రబ్బరు రింగులేమైనా ఉంటే ఓవెన్‌లో అప్పడాలవుతాయి. పైన ఏ రంగుందన్నది నాకు పట్టలేదు. పాత రంగును ఎట్లా గీకారన్నదే నా ప్రశ్న.

"నాళం తీసి ఉత్త తొడుగే ఇచ్చినవా, ఉన్నది ఉన్నట్టే చేతుల పెట్టినవా?"

"తొడుగే ఇచ్చిన అంకుల్. గంత తెల్వనోన్నా?"

పిల్లాడి మొహంలో నిజమే కనిపించింది. అయినా మొహం కొలవడానికి గేజ్ లేదు కాబట్టి చేతిసంచి తీశాను. గడియారాలు బాగుచేసేవాళ్లు కంట్లో పెట్టుకునే అద్దం, చెవిలో తిప్పుకునే దూది పుల్లలు నాలుగు, సందుల మందం కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్ కట్ట, అరకిలో తూకం రాయి. అతని తల్లి చాయ్ తెచ్చి, ఆ బల్ల మీద సరంజామా చూసి, "అన్నయ్యగారు డాక్టరా?" అని అడిగింది.

దూది పుల్ల సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది పైసా ఖర్చు లేని పరీక్ష. గాలి నింపే సిలిండర్ విప్పి పక్కన పెట్టించి, పిస్టల్ ఖాళీ అని మీ కళ్లతో చూసుకోండి. నాళం మూతి లోపలి అంచు మీద పుల్లను మెల్లగా లోపలి నుంచి బయటకు లాగుతూ చుట్టూ తిప్పండి. పెల్లెట్ చివరిసారి తాకి వదిలే చోటు అది. అక్కడ సొట్ట గానీ, ఇసుక కొరుకు గానీ ఉంటే దూది పోగు చిక్కుకుంటుంది. మూడు పుల్లలు తిప్పాను, ఒక్క పోగు చిక్కలేదు. అద్దంలో చూస్తే అంచు చుట్టూ ఒకే మందంతో మెరిసింది. కుర్రాడు చెప్పింది నిజమే, నాళాన్ని తీసే ఇచ్చాడు. నాకు సగం బరువు దిగింది.

ఇక సిలిండర్లు. రెండు ఇచ్చాడు. ఇక్కడ చాలామంది మోసపోతారు, అమ్మేవాళ్లకు కూడా చాలాసార్లు తెలియదు. ప్రతి సిలిండర్ మీద తయారీ తేదీ గుద్ది ఉంటుంది. దాని ఆయుష్షు మామూలుగా పదేళ్లు. ఆ తర్వాత పోటీలకు పనికిరాదు, ఇంట్లోనూ నింపకూడదు. నింపితే లోపల 200 బార్ ఒత్తిడి, అంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు 90 రెట్లు, అది చిన్నపిల్ల చేతి పక్కనే ఉంటుంది. ఒకదాని మీద 2014 అని ఉంది, రెండోదాని మీద 2019. "ఒక్కదానికే పైసలు, పాతది పేపర్ వెయిట్" అన్నాను. లక్షా 20 వేల దగ్గర మొదలైన బేరం అక్కడే మెత్తబడింది. 2019 దాన్ని ఆ రాత్రి నింపి అలాగే బిగించి ఉంచమన్నాను. పొద్దున వెళ్లి చూస్తే గేజ్ ముల్లు కదల్లేదు, సీళ్లు బాగున్నాయి. దిగుమతి కాగితం, పాత బిల్లు, ఫ్రేం మీది నంబరు ఈ మూడూ కలిశాయి. ట్రిగ్గర్ అరకిలో రాయిని ఎత్తి నిలబెట్టింది. నిబంధన ప్రకారం 500 గ్రాములకు తగ్గకూడదు. 96 వేలకు చేతులు కలిపాం.

అంతా బాగుంది కదా, మరి గొణుగుడు ఎందుకంటారా? అసలు తంటా రేంజ్‌లో తేలింది.

గచ్చిబౌలి దగ్గర సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లాం. ఇసుక సంచి మీద ఆనించి, 0.45 గ్రాముల పెల్లెట్లతో కోచ్ ఐదు కొట్టాడు. ఐదూ ఒకే చిరుగులో పడ్డాయి. నాళానికి వంక పెట్టడానికి లేదు. తర్వాత మనవరాలు నిలబడి మొదలుపెట్టింది. పావుగంటకే "తాతా, ముందు ఏదో మెరుస్తాంది" అంది. పైన ట్యూబులైట్ల వెలుగు ఆ రాగి అద్దం మీద పడి ఫ్రంట్ సైటు (గురి చూసుకునే ముందు మొన) కింద తెల్లటి గీతలా లేస్తోంది. నల్లటి సైటు అంచును చూడటమే ఈ ఆటలో సగం పని. దాని పక్కనే దీపం పెడితే కన్ను ఎటు పోతుంది?

మెరుపుకైతే మసి పూయొచ్చు. మరునాడు ఇంకోటి బయటపడింది. నిన్న మధ్యలో పడ్డవి ఇవాళ ఎడమకు జరిగాయి. వెనకవైపు ఉండే రియర్ సైటు తిప్పి సరిచేస్తే మూడో రోజు మళ్లీ జరిగాయి. కోచ్ పిల్ల మణికట్టును అనుమానించాడు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నేను ఫ్రంట్ సైటును అనుమానించాను.

ఇంటికి తెచ్చి టేబుల్ లైటు కింద పెట్టి ఫీలర్ గేజ్ తీశాను. సైటు కూర్చునే చోట పౌడర్ ఒక పక్క కారి, గట్టిపడి, చిన్న గడ్డ కట్టింది. రెండో పక్క సైటు కింద 0.15 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది, 0.20 దూరలేదు. అంటే సైటు ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. యానోడైజింగ్ మందం మామూలుగా 10, 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), అందులోనూ సగానికి పైగా లోహంలోకే ఉంటుంది. పౌడర్ 60 నుంచి 100 మైక్రాన్లు, కారిన చోట ఇంకా ఎక్కువ. బైక్ రిమ్ము మీద ఆ తేడా ఎవడికీ అక్కర్లేదు.

ఇక్కడ లెక్క చూడండి. ఈ పిస్టల్ మీద రెండు సైట్ల మధ్య దూరం నేను కొలిస్తే 34 సెంటీమీటర్లు. టార్గెట్ 10 మీటర్లు. అంటే ముందు సైటు తల ఎంత పక్కకు పోతే టార్గెట్ మీద దానికి దాదాపు 30 రెట్లు పోతుంది. 0.15 మిల్లీమీటర్లు అక్కడ నాలుగున్నర అవుతుంది. పది పాయింట్ల గుండ్రం మొత్తం అడ్డం కొలత 11.5 మిల్లీమీటర్లే. నట్టనడుమ పడాల్సింది అంచుకు పోయి వేలాడుతుంది. అది ఒకే చోట నిలబడితే రియర్ సైటుతో సర్దుకోవచ్చు. అయితే స్క్రూ కింద రంగు ఉంటే అది ఒత్తిడికి రోజూ కొంచెం కొంచెం అణుగుతుంది, స్క్రూ పట్టు వదులుతుంది, సైటు కొత్త చోట కూర్చుంటుంది. మిషన్ల బెడ్ మీద రంగు గీకకుండా బ్రాకెట్ బిగించే కొత్త కుర్రాళ్లను ఇదే మాట మీద నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

సైటు కింద మాత్రమే గీకి వదిలేద్దామా అనుకున్నాను. మెరుపు సంగతి గుర్తొచ్చి, చేసేదేదో పూర్తిగా చేద్దామని తొడుగు విప్పి సంచిలో వేసుకుని బాలానగర్ బయలుదేరాను. నా పాత జోడీదారు ఒకాయన ఇప్పటికీ అక్కడ చిన్న యానోడైజింగ్ షెడ్డు నడుపుతున్నాడు. చూడగానే "ఏందన్నా ఇది, పెండ్లి నగలెక్క?" అన్నాడు.

వాళ్ల కుర్రాడు దాన్ని కాస్టిక్ తొట్టిలో ముంచబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. కాస్టిక్ సోడా రంగుతో పాటు అల్యూమినియాన్ని కూడా తింటుంది. స్క్రూ మరలు, తొడుగు లోపలి కొలత అన్నీ వదులైపోతాయి. ఇసుక కూడా వద్దన్నాను. పెయింట్ తీసే మందు పూసి, అరగంట ఆగి, ప్లాస్టిక్ పట్టీతో గీకాం. రంగు అరటిపండు తొక్కలా ఊడొచ్చింది. పైన గాలి బయటకు పోయే రంధ్రాల అంచుల్లో ఇరుక్కున్న ముక్కల్ని నేనే టూత్‌పిక్కుతో తీశాను, ఆ పని ఎవరికీ ఇవ్వను. మరల్లో మైనం నింపి, ఆమ్లపు తొట్టిలో కరెంటు పెట్టి, నల్ల రంగులో ముంచి, వేడినీళ్లలో సీలు చేశాడు. 1,200 తీసుకున్నాడు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వాడి లెక్కలోనే.

ఒక లోపం చెప్పకపోతే అన్యాయం. రంగు కాకి నలుపు రాలేదు. నీడలో నల్లగానే ఉంటుంది, ఎండలో పెడితే నేరేడుపండు ఛాయ కొడుతుంది. రంగు తొట్టిలో ఇంకాసేపు ఉంచాల్సిందని నా అభిప్రాయం, మిశ్రమలోహమే అంతని వాడి వాదన. మెరుపు మాత్రం లేదు. తిరిగి బిగించి ఫీలర్ గేజ్ పెడితే 0.03 రేకు కూడా ఏ పక్కా దూరలేదు.

అమ్మిన కుర్రాడి మీద నాకు కోపం లేదు. అడిగినదానికి నిజం చెప్పాడు, కాగితాలు దాచలేదు, రాత్రంతా గాలి పెట్టి ఉంచాడు. కోటింగ్ సంగతి ఫోన్లోనే చెప్పి ఉంటే బాగుండేది, అక్కడ నాలుగు వేలు తగ్గేది. నేనూ అతని ఇంట్లోనే ఫ్రంట్ సైటు కింద గేజ్ పెట్టి ఉండాల్సింది. సంచిలో గేజ్ ఉండి కూడా మూతి మీది ధ్యాసలో మరిచాను, 34 ఏళ్ల టూల్‌రూమ్ పనితనం అదీ. మీరు కొనబోయేదానికి తొడుగు రంగు మార్చి ఉంటే మూతి చూడండి, సైటు కింద చూడండి, రంధ్రాల అంచులు చూడండి. చూడనివ్వకపోతే చాయ్ తాగి లేచి రండి.

పిస్టల్ వరకూ చెప్పాలంటే, పెట్టిన డబ్బుకు మించిన వస్తువే. పిడి మాత్రం మా పిల్ల చేతికి ఒక సైజు పెద్ద. అరచేతి కింద చెక్క పుట్టీ పెట్టి సాన పట్టాను, ఎదిగే చెయ్యి కాబట్టి మళ్లీ గీకాల్సి వస్తుంది.

మూడు నెలలైంది. పెల్లెట్లు పెట్టిన చోటే పడుతున్నాయి, సైటు స్క్రూ మళ్లీ వదులు కాలేదు. నల్ల తొడుగు బిగించిన రోజు మాత్రం మనవరాలు నాతో మాట్లాడలేదు. "నా గన్ను అందమంతా గీకేసినవ్ తాతా" అంది సాయంత్రానికి. మొన్న చూస్తే పిస్టల్ పెట్టె మూత నిండా రాగి రంగు మెరుపు కాగితం అంటించుకుంది. దాని కింద గేజ్ పెట్టే అవసరం లేదు గనక ఊరుకున్నాను.