అటెన్‌బరో సోదరులు పెరిగిన ఊళ్లో: మా లెస్టర్ యాత్ర

ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమంది లెస్టర్‌కు వెళ్లేది బెల్‌గ్రేవ్ రోడ్డులో చీరలు, నగలు కొనడానికి, లేకపోతే దీపావళి దీపాలంకరణ చూడడానికి. రెండూ మంచి పనులే. కానీ ఆ ఊరికి వెళ్లడానికి వాటికంటే గట్టి కారణం ఇంకొకటి ఉంది. ‘గాంధీ’ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, భూమ్మీది జీవరాశినంతా టీవీలో మన ఇళ్లకు తెచ్చిన ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో పెరిగింది ఇక్కడే. అన్న కేంబ్రిడ్జ్‌లో, తమ్ముడు లండన్ శివారులో పుట్టినా, బాల్యమంతా గడిచింది లెస్టర్‌లోనే. దర్శకుడు స్టీఫెన్ ఫ్రియర్స్, మాంటీ పైథాన్ హాస్య బృందంలోని గ్రాహమ్ చాప్‌మన్, నటి పర్మీందర్ నాగ్రా, ఫుట్‌బాల్ ఆటగాడిగా మొదలై టీవీ వ్యాఖ్యాతగా స్థిరపడిన గ్యారీ లినేకర్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. 2021 జనాభా లెక్కల ప్రకారం ఊరి జనాభా సుమారు 3.68 లక్షలు. అంత ఊరికి ఇది చిన్న జాబితా కాదు.

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో రైలెక్కితే గంటా పది నిమిషాలు, అటూ ఇటూగా. టికెట్ ముందుగా కొంటే చాలా తేడా వస్తుంది. అప్పటికప్పుడు స్టేషన్లో కొంటే దాదాపు రెట్టింపు పెట్టవలసి రావచ్చు. లెస్టర్ స్టేషన్ బయట చేతిలో గొడుగుతో థామస్ కుక్ విగ్రహం ఉంటుంది. 1841 జులై 5న ఆయన ఈ ఊరి నుంచే సుమారు 500 మందిని రైల్లో లఫ్‌బరోకు విహారయాత్రకు తీసుకువెళ్లాడు. ఇవాళ మనం టూర్ ప్యాకేజీ అంటున్నదానికి మూలం ఆ ప్రయాణమే. యాత్రలంటే ఇష్టమున్నవారు అక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

బస విషయంలో మేము రెండు పద్ధతులూ చూశాము. మొదట స్టేషన్ దగ్గరి హోటల్లో దిగాము. రాత్రికి 70 పౌండ్ల పైచిలుకు. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు లోటు లేదు. కిటికీ మాత్రం వేలెడంత కంటే ఎక్కువ తెరుచుకోలేదు, రోడ్డు చప్పుడు అర్ధరాత్రి దాకా తగ్గలేదు. గది ఖాళీ చేశాక సామాను సాయంత్రం దాకా ఉంచడానికి విడిగా డబ్బు అడిగారు. బుక్ చేసేటప్పుడు ఆ మాట ఎక్కడా చెప్పలేదు. ఆ తర్వాత బెల్‌గ్రేవ్ వైపు ఒక గుజరాతీ ఇంట్లో పై అంతస్తు గది తీసుకున్నాము. ధర తక్కువ, ఉదయం వేడి వేడి టీ, తెప్లాలు. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న నా భార్యకు అది కష్టమైంది. అయినా మళ్లీ వెళ్తే ఏది తీసుకుంటారని అడిగితే, నడవగలిగినవారు బెల్‌గ్రేవ్‌లో ఉండడమే మేలంటాను. పెద్దవాళ్లతో వెళ్లేవారు స్టేషన్ దగ్గరే ఉండాలి, ఎందుకంటే నేను చెప్పబోయే చోట్లు చాలావరకు అటువైపే ఉన్నాయి.

ఊరి నడిబొడ్డు నుంచి విక్టోరియా పార్కు వైపు సాగే దారి పేరు న్యూ వాక్. 1785లో వేసిన బాట. బళ్లు రావు, మనుషులకు మాత్రమే. రెండు వైపులా పెద్ద చెట్లు, వాటి వెనక పాతకాలపు ఇళ్లు. ఈ బాట మీదే 1849లో తెరిచిన మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం. లెస్టర్‌లో ఒక్క చోటే చూసే సమయం ఉంటే ఇక్కడికే రమ్మని ఎవరికైనా చెబుతాను.

కింది అంతస్తులో ‘రట్లాండ్ డైనోసార్’ అని పేరుపడ్డ పెద్ద అస్థిపంజరం ఉంది. పిల్లలందరూ దాని చుట్టూనే. నేను వెతుక్కుంటూ వెళ్లింది దాని పక్కన ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక రాతి పలక కోసం. బూడిదరంగు రాయి మీద చింతాకు రెమ్మను అదిమి తీసినట్టు ఒక ముద్ర: నడుమ ఈనె, అటూ ఇటూ వరసగా చిన్న చిన్న మడతలు. సూటిగా చూస్తే సరిగా కనిపించదు. పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూస్తే గీతలన్నీ ఒక్కసారిగా తేలుతాయి. దాని పేరు చార్నియా, భూమ్మీది తొలి జీవుల్లో ఒకదాని శిలాజం. వయసు సుమారు 56 కోట్ల ఏళ్లు. 1957లో ఊరి పక్కనున్న చార్న్‌వుడ్ అడవిలో రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడు దాన్ని గుర్తించాడు. అంతకు ముందు సంవత్సరమే టీనా నెగస్ అనే అమ్మాయి దాన్ని చూసి టీచరుకు చెబితే, అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవని కొట్టిపారేశారు. అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకమూ అదే. రోజర్ చదివిన విగ్‌స్టన్ బడిలోనే అంతకు ముందు డేవిడ్ అటెన్‌బరో చదివాడు. చిన్నప్పుడు ఆయన కూడా శిలాజాల కోసం సైకిలు మీద ఊరి చుట్టుపక్కలంతా తిరిగాడు. చార్న్‌వుడ్ రాళ్లు మరీ పాతవి, వాటిలో ఏమీ దొరకదు అన్న మాట నమ్మి వాటి జోలికి పోలేదు. 2010లో తొలి జీవుల గురించి తీసిన కార్యక్రమాన్ని ఆయన మొదలుపెట్టింది ఆ అడవి నుంచే. ఈ సంగతులు తెలుసుకుని ఆ పలక ముందు నిలబడితే కాళ్లు కదలవు.

మ్యూజియంలోనే పికాసో చేసిన పింగాణీ పాత్రలు, పళ్లాలు ఉన్నాయి. రిచర్డ్, ఆయన భార్య షీలా సిమ్ ఏళ్ల తరబడి కొని పోగుచేసినవి. 2004 డిసెంబరు సునామీలో వారి కూతురు జేన్, మనవరాలు లూసీ చనిపోయారు. వారి జ్ఞాపకార్థం ఆ సేకరణను ఈ ఊరి మ్యూజియానికి అప్పగించారు. మన తీరాన్ని కూడా ముంచెత్తిన ఆ సునామీ పేరు ఇంగ్లండ్ నడిమధ్యన, రంగురంగుల గుడ్లగూబ బొమ్మల పక్కన చదవడం నాకు కష్టంగా అనిపించింది. కాపలా ఉన్న పెద్దాయన మా ముఖాలు చూసి మెల్లగా వచ్చి, కూర్చోవడానికి బల్ల చూపించాడు. ఇక్కడి సిబ్బంది మర్యాదకు పూర్తి మార్కులు వేస్తాను.

న్యూ వాక్ దాటి పైకి వెళ్తే విక్టోరియా పార్కు, దాని పక్కనే లెస్టర్ విశ్వవిద్యాలయం. పార్కులో 1925 నాటి యుద్ధ స్మారక తోరణం కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లే కొద్దీ ఢిల్లీ ఇండియా గేట్ గుర్తుకొస్తుంది. రెండింటికీ రూపకల్పన చేసింది లుటియెన్స్ అనే వాస్తుశిల్పే. ఆ తోరణానికి కూతవేటు దూరంలో పెరిగిన రిచర్డ్ 1981 జనవరి 31న ఢిల్లీ రాజ్‌పథ్‌లో, ఇండియా గేట్ ఉన్న ఆ దారిలోనే, సుమారు మూడు లక్షల మందితో గాంధీజీ అంతిమయాత్ర సన్నివేశం తీశాడు. చిన్నప్పుడు రోజూ చూసిన తోరణం ఆ రోజు ఆయనకు గుర్తొచ్చే ఉంటుందని నేను అనుకుంటాను.

అటెన్‌బరో సోదరుల తండ్రి ఫ్రెడరిక్ 1932 నుంచి 1951 వరకు, తర్వాత ఈ విశ్వవిద్యాలయంగా మారిన కళాశాలకు ప్రిన్సిపాల్. కుటుంబం ఉన్న కాలేజ్ హౌస్ ఇప్పటికీ ప్రాంగణంలో ఉంది, బయటి నుంచి చూడవచ్చు. ప్రాంగణంలో తేలిగ్గా కనిపించే 18 అంతస్తుల అటెన్‌బరో టవర్ పేరు ఈ తండ్రిదే, కొడుకులది కాదు. డేవిడ్ పదకొండేళ్ల వయసులో జంతుశాస్త్ర విభాగానికి న్యూట్‌లు, అంటే బల్లి ఆకారంలో ఉండే నీటి ప్రాణులు, ఒక్కోటి మూడు పెన్నీలకు అమ్మేవాడట. వాటిని పట్టింది ఆ విభాగం పక్కనున్న కుంటలోనే. ఎక్కడివో మాత్రం వాళ్లకు చెప్పలేదు.

ఆ ఇంటి గురించి అందరూ తెలుసుకోవలసినది వేరే ఉంది. 1939లో హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన ఐరీన్, హెల్గా బేజాక్ అనే యూదు అక్కాచెల్లెళ్లను ఫ్రెడరిక్ దంపతులు ఇంట్లో పెట్టుకుని, యుద్ధం ముగిసేదాకా సొంత కూతుళ్లలా పెంచారు. బెర్లిన్‌లో డాక్టరుగా ఉన్న ఆ పిల్లల తండ్రిని నాజీలు ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో చంపేశారు. గాంధీ మీద సినిమా తీయాలని లండన్‌లోని భారత హైకమిషన్ ఉద్యోగి మోతీలాల్ కొఠారీ 1962లో కోరితే, ఇరవై ఏళ్లు పట్టువదలకుండా తిరిగి, అప్పులు చేసి ఆ సినిమా పూర్తిచేసిన మనిషి ఏ ఇంట్లో తయారయ్యాడో ఆ గోడల ముందు నాకు అర్థమైంది. 1982లో విడుదలైన ఆ సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి, మన ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. అందులో కస్తూర్బాగా నటించిన రోహిణీ హట్టంగడినే మనం 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’లో నాయనమ్మగా చూసి కళ్లు తుడుచుకున్నాము.

పక్కనే అటెన్‌బరో ఆర్ట్స్ సెంటర్. వికలాంగులకు కళలు అందాలని రిచర్డ్ పట్టుబట్టి కట్టించినది. 1997లో యువరాణి డయానా ప్రారంభించింది. మెట్ల బెడద లేదు, తలుపులు వెడల్పు, కూర్చోవడానికి అడుగడుగునా చోటు. నా భార్య ఆ రోజంతటిలో హాయిగా తిరిగిన చోటు ఇదే.

పార్కు అంచునే డి మాంట్‌ఫర్ట్ హాల్ ఉంది, 1913 నాటి సభామందిరం. 1936లో గ్రే ఔల్ అనే ఆయన ఇక్కడ ఉపన్యసించాడు. కెనడా ఆదివాసి వేషంలో వచ్చి, బీవర్‌లను, అడవులను కాపాడమని చెప్పిన ఆయన నిజానికి ఇంగ్లండ్‌లోనే పుట్టిన ఆర్చిబాల్డ్ బెలనీ. ఆ సంగతి అప్పటికి బయటపడలేదు. శ్రోతల్లో ఈ అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. ఒకరు జీవితమంతా ప్రకృతి గురించి చెప్పడానికే వెచ్చించారు, మరొకరు 1999లో గ్రే ఔల్ జీవితాన్నే సినిమాగా తీశారు. ఇల్లు, బడి, మ్యూజియం, ఈ హాలు, ఊళ్లోకి దిగితే డోవర్ వీధిలో రిచర్డ్ కుర్రతనంలో నటించిన లిటిల్ థియేటర్, అన్నీ నడక దూరంలో ఉన్నాయి. ఇద్దరు పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? ఈ చోట్లన్నీ కలిపి చూపించే ఒక నడక పటం స్టేషన్లోనే దొరికితే ఎంత బాగుంటుందో! మేము పాత పుస్తకాలు, ఫోను మ్యాపు చూసుకుంటూ వెతుక్కున్నాము.

ఫ్రియర్స్, చాప్‌మన్‌ల ఆనవాళ్లు ఊళ్లో మాకు పెద్దగా కనిపించలేదు. 2012లో కారు పార్కింగు కింద దొరికిన ఒకనాటి ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఎముకల కథను ఫ్రియర్స్ సినిమా తీశాడు కాబట్టి, 2015లో వాటిని మళ్లీ సమాధి చేసిన కెథెడ్రల్ చూసి రావచ్చు. లినేకర్ కుటుంబం పండ్లు, కూరగాయలు అమ్మిన మార్కెట్ మేము వెళ్లినప్పుడు పునర్నిర్మాణంలో ఉంది. దానికోసం ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కర్లేదు.

బెల్‌గ్రేవ్‌కు ఊరి నడిబొడ్డు నుంచి బస్సులు తరచుగా ఉంటాయి, నడిచినా అరగంటే. 1972లో నియంత ఇడీ అమీన్ ఉగాండా నుంచి ఆసియావారిని తరిమేసినప్పుడు, మా ఊరికి రావద్దని లెస్టర్ నగరపాలకులు అక్కడి పత్రికలో ప్రకటన వేయించారు. అయినా వేలమంది వచ్చారు, మూతబడుతున్న వీధిని నిలబెట్టారు. మేము బస చేసిన ఇంటి పెద్దావిడ కూడా అప్పుడు కంపాలా నుంచి ఒక్క పెట్టెతో వచ్చినవారే. ఇదే ఊళ్లో 1975లో ఒక పంజాబీ కుటుంబంలో పర్మీందర్ పుట్టింది. బడి అయ్యాక పాత టీచరు పిలిస్తే హేమార్కెట్ థియేటర్లో ఒక సంగీత నాటకంలో బృందగాయనిగా చేరింది. రిహార్సళ్లు మొదలైన వారానికే ప్రధాన నటి తప్పుకోవడంతో ఆ వేషం ఈమెకు దక్కింది. అక్కడి నుంచి 2002లో ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’ సినిమా, తర్వాత అమెరికా టీవీలో ‘ఈఆర్’ ధారావాహిక. సినిమాలో ఆమె కాలి మీద కనిపించే కాలిన మచ్చ మేకప్ కాదు, చిన్నప్పుడు నిజంగా కాలినదే. దాన్ని దాచకుండా కథలోకి తెచ్చారు.

రోడ్డు మీద 2009లో పెట్టిన గాంధీజీ విగ్రహం ఉంది. అక్కడ ఫొటో తీసుకుంటుంటే, “అంకుల్, మీరు తెలుగువారా? నేను తీస్తానివ్వండి” అంటూ ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయి ఫోను అందుకున్నాడు. గాంధీ సినిమా తీసిన ఆయన ఈ ఊళ్లోనే పెరిగాడంటే ఆశ్చర్యపోయి, మ్యూజియం ఎటు అని అడిగాడు. దారి చెప్పి, ఉచితమని కూడా చెప్పాను.

భోజనానికి 1976 నుంచి నడుస్తున్న బాబీస్‌కు వెళ్లాము. పూర్తి శాకాహారం. ఖాండ్వీ మెత్తగా నోట్లో కరిగింది, కఢీ కాస్త తీపి. మన నాలుకకు కారం చాలదు, పచ్చిమిరపకాయలు అడిగితే వెంటనే తెచ్చిపెట్టారు. శనివారం సాయంత్రం వరుసలో నిలబడవలసి వస్తుంది. కుటుంబంతో వెళ్లేవారు మామూలు రోజున, మధ్యాహ్నం పన్నెండున్నరకే చేరుకుంటే కిటికీ పక్క బల్ల దొరుకుతుంది.