కాలేజ్ ఫుట్‌బాల్ టికెట్: ఎప్పుడు కొనాలి, ఎక్కడ కూర్చోవాలి, దేనికి డబ్బు పెట్టకూడదు

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ (యూనివర్సిటీ జట్లు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) చూడాలనుకునే తెలుగు కుటుంబాలు మొదట రెండు అంకెలను నమ్మడం మానేయాలి. ఒకటి టికెట్ మీద అచ్చయిన ధర, రెండోది ఆట మధ్యలో ప్రకటించే హాజరు. ఈ రెండూ అసలు సంగతి చెప్పవు. అసలు సంగతి తెలిస్తే మాత్రం మంచి సీట్లో కూర్చుని, అచ్చు ధర కన్నా తక్కువకే చూడగలిగే ఆటలు ప్రతి సీజన్‌లోనూ దొరుకుతాయి.

హాజరుతో మొదలుపెడదాం. చాలా యూనివర్సిటీలు ప్రకటించేది అమ్మిన, పంచిన టికెట్ల లెక్క. గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్ల లెక్క వేరే ఉంటుంది, దాన్ని మామూలుగా బయటపెట్టరు. వాల్ స్ట్రీట్ జర్నల్ 2018లో ఆ స్కాన్ రికార్డులు సంపాదించి చూస్తే, 2017 సీజన్‌లో నిజంగా లోపలికి వచ్చినవాళ్లు ప్రకటించిన సంఖ్యలో సగటున 71 శాతమేనని తేలింది. ప్రకటించిన లెక్కలు కూడా అప్పటికి కొన్నేళ్లుగా పడిపోతున్నాయి: పైస్థాయి డివిజన్‌ అయిన ఎఫ్‌బీఎస్‌లో 2008 ప్రాంతంలో ఒక్కో ఆటకు సగటున 46 వేల పైన ఉన్న హాజరు 2018 నాటికి 41,856కు దిగింది.

ఖాళీగా మిగిలిన ఆ సీట్లు ఎవరివి? ఎక్కువ భాగం డబ్బు కట్టి కొన్నవే. సీజన్ టికెట్ తీసుకున్నవాళ్లు సొంత మైదానంలో జరిగే ఆరేడు హోమ్ గేమ్‌లనూ కలిపి కొనాలి. అందులో రెండు మూడు ఆటలు చిన్న కాలేజీలతో ఉంటాయి, ఫలితం ముందే తెలిసిపోతుంది. సెప్టెంబర్ ఎండలో అలాంటి ఆటకు రావడం ఇష్టం లేనివాళ్లు టికెట్లను తిరిగి అమ్మే సైట్లలో, అంటే రీసేల్‌లో పెట్టేస్తారు, ఎంత వస్తే అంత చాలనుకుంటారు. కొత్తవాళ్లు అడుగుపెట్టాల్సింది సరిగ్గా అక్కడే.

అన్నిచోట్లా ఇలా ఉండదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. నెబ్రాస్కా స్టేడియం 1962 నుంచి ప్రతి హోమ్ గేమ్‌కూ టికెట్లన్నీ అమ్ముడయ్యాయని లెక్క చెబుతుంది. 1,07,601 మంది పట్టే మిషిగన్ స్టేడియంలో, జనాన్ని రానివ్వని కోవిడ్ సీజన్‌ను పక్కన పెడితే, 1975 నుంచి లక్షకు తగ్గిన ఆట లేదు. 2013లో నోటర్‌డామ్‌తో ఆడినప్పుడు అక్కడ 1,15,109 మంది అని ప్రకటించారు. మరోపక్క కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ తన 85 వేల స్టేడియాన్ని 2005 చివర్లో పడగొట్టి, 2006కల్లా 50 వేలకు కుదించి కట్టుకుంది. చికాగో పక్కన నార్త్‌వెస్టర్న్ 47 వేల పాత స్టేడియం చోట 35 వేలకే కొత్తది కట్టాలని నిర్ణయించింది. సీట్లు తగ్గించి ఒక్కో సీటు ధర పెంచుకోవడం ఇప్పుడు చాలా యూనివర్సిటీల దారి.

ఇక ధర. పెద్ద జట్ల దగ్గర మంచి సీటుకు సీజన్ టికెట్ కావాలంటే టికెట్ డబ్బుతో పాటు సీటుకింత అని విరాళం కూడా కట్టాలి. ఆ విరాళంలో 80 శాతానికి 2017 దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది. 2018 నుంచి అది పోయింది, విరాళం మాత్రం పోలేదు. దానికి తోడు ఆటగాళ్లకు యూనివర్సిటీలే నేరుగా డబ్బు ఇవ్వడానికి 2025 జూన్‌లో కోర్టు ఒప్పందం ఆమోదం పొందింది. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. టెనెసీ అయితే ఇంకా ముందే, 2024 సెప్టెంబర్‌లోనే, తర్వాతి సీజన్ టికెట్ల మీద ‘టాలెంట్ ఫీ’ పేరుతో 10 శాతం అదనంగా వేస్తున్నట్టు ప్రకటించింది. ఆటగాళ్లకు డబ్బు అందడం న్యాయమే, ఎన్నో ఏళ్లు ఆలస్యంగా జరిగిన న్యాయం. ఆ భారాన్ని టీవీ ఒప్పందాల మీద కాకుండా పై వరుసలో కూర్చునే కుటుంబం మీద వేయడం మాత్రం సరికాదు.

అందుకే సీజన్ టికెట్ గురించి సూటిగా చెప్పాలంటే, ఏడింటిలో కనీసం ఐదు ఆటలకు వెళ్తామన్న గట్టి నమ్మకం లేనివాళ్లు కొనకూడదు. బలహీనమైన ఆటల టికెట్లను తిరిగి అమ్మి డబ్బు రాబట్టుకుందామనే లెక్క తప్పుతుంది. ఆ వారం మీలాంటివాళ్లు వేలమంది అవే టికెట్లను అమ్మకానికి పెడతారు కాబట్టి.

విడి టికెట్ కొనేవాళ్లకు మొదట ముఖ్యం ఎప్పుడు కొంటారన్నది, ఆ తర్వాతే ఏ సైటన్నది. స్టబ్‌హబ్, సీట్‌గీక్, వివిడ్ సీట్స్, టికెట్‌మాస్టర్, అన్నింటిలోనూ దాదాపు అవే టికెట్లు తిరుగుతుంటాయి. షెడ్యూల్ రాగానే రీసేల్ ధరలు ఎక్కువగా ఉంటాయి. ఆటలు ఎక్కువగా శనివారాలే కాబట్టి, మామూలు ఆటకు మంగళ, బుధవారాల నుంచి తగ్గుతూ వచ్చి, శనివారం ఉదయానికి బాగా పడతాయి. ఆట మొదలయ్యాక చివరి విడత టికెట్లు ఇంకా చవకగా వస్తాయి కానీ, కుటుంబంతో వెళ్లేవాళ్లకు నాలుగు సీట్లు పక్కపక్కన దొరకవు. నలుగురికి కావాలంటే గురువారం రాత్రో శుక్రవారమో కొనేయడం మేలు. ఒక్కరైతే గేటు బయటకు వెళ్లి నిలబడ్డాక కొన్నా ఫరవాలేదు. ఒకే ఒక్క సీటు మిగిలిన వరుసలు చాలా ఉంటాయి, వాటిని అడిగేవాళ్లు తక్కువ.

పెద్ద వైరుల మధ్య ఆటకు ఈ సూత్రం పనిచేయదు. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లు 2011 తర్వాత మళ్లీ 2024 నవంబర్ 30న ఏ అండ్ ఎం ఊరైన కాలేజ్ స్టేషన్‌లో తలపడినప్పుడు, లోపలికి అడుగుపెట్టడానికే వందల డాలర్లు అడిగారు. అలాంటి ఆటకు ధర పడే సందర్భం దాదాపు ఒక్కటే: ముందు వారం ఆ రెండింటిలో ఒక జట్టు ఊహించని ఓటమి పాలవడం. అది జరిగిన శనివారం రాత్రి, ఆదివారం ఉదయం మధ్య చూస్తే నిరుత్సాహపడిన అభిమానుల టికెట్లు కనిపిస్తాయి.

ఫీజుల మోసం ఇప్పుడు కొంత తగ్గింది. 60 డాలర్లని చూపించి, చివరి పేజీలో 80 అడగడం ఏళ్ల తరబడి నడిచింది. 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే మొదట చూపించాలి. కాబట్టి ఇప్పుడు సైట్లను పోల్చడం సులువు. మూడు సైట్లలో ఒకే సెక్షన్, ఒకే వరుస తెరిచి చూస్తే తేడా తెలుస్తుంది. పార్కింగ్ మాత్రం విడిగానే కొనాలి. చిన్న ఆటలకు పార్కింగ్ పాస్ ధర టికెట్ ధరను దాటిపోవడం అరుదేమీ కాదు.

సీటు ఎంపికలో ఎక్కువమంది చేసే పొరపాటు కింది వరుసలు కొనడం. మొదటి పది వరుసల్లో కూర్చుంటే మైదానం అంచున నిలబడ్డ ఆటగాళ్లు, కోచ్‌లు, కెమెరా బండ్లు అడ్డం. అవతలి పక్క ఏం జరుగుతుందో పెద్ద తెర మీదే చూడాలి. 25 నుంచి 45 వరుసల మధ్య, రెండు 20 యార్డ్ లైన్ల నడుమ, అంటే మైదానం మధ్య భాగానికి ఎదురుగా ఉన్న సీటు ఉత్తమం. అంత డబ్బు పెట్టలేనివాళ్లకు ఎండ్ జోన్ (మైదానం కొసన స్కోరు చేసే చోటు) వెనక ఎత్తైన సీటు మంచిది. ముందు వరస ఆటగాళ్ల లైన్ ఎలా తెరుచుకుంటోంది, బంతి పట్టుకున్నవాడు ఏ సందులోంచి దూరుతున్నాడు అన్నది అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. ఆటను నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేనైతే అదే సూచిస్తాను.

ఎండ విషయం టికెట్ సైట్లు చెప్పవు. మైదానాలు చాలావరకు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. మధ్యాహ్నం రెండున్నర ఆటకు పడమటి స్టాండుకు ముందు నీడ వస్తుంది, తూర్పు స్టాండు సాయంత్రం దాకా ముఖాన ఎండ భరించాలి. సెప్టెంబర్‌లో టెక్సస్‌లో ఇది చిన్న విషయం కాదు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే పది పదిహేను డాలర్లు ఎక్కువైనా పడమర వైపే తీసుకోవాలి. సీట్లు చాలాచోట్ల అల్యూమినియం బెంచీలు, వాటి మీద రాసిన నంబర్ల మధ్య ఎడం 18 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. నవంబర్‌లో అందరూ మందపాటి కోట్లు వేసుకు వస్తే ఆ ఎడం కూడా మిగలదు.

ఇంకో ఉచ్చు స్టూడెంట్ సెక్షన్ టికెట్. రీసేల్‌లో చవకగా కనిపిస్తుంది. చాలా యూనివర్సిటీల్లో దానికి స్టూడెంట్ ఐడీ కావాలి, లేదంటే తేడా డబ్బు కట్టి మామూలు టికెట్‌గా మార్పించుకోవాలి. ఆ వాక్యం లిస్టింగ్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఐడీ ఉన్నా, టెక్సస్ ఏ అండ్ ఎంలో విద్యార్థులు ఆట పొడవునా నిలబడే ఉంటారు, అది అక్కడి సంప్రదాయం. మూడున్నర గంటలు నిలబడలేనివాళ్లు ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది.

విద్యార్థులను చివరిదాకా కూర్చోబెట్టడం కూడా యూనివర్సిటీలకు తలనొప్పే. అలబామా 2019లో ఫోన్ యాప్‌తో పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టింది: వచ్చినందుకు 100, నాలుగో క్వార్టర్ (ఆట చివరి పావు) దాకా ఉన్నందుకు 250. పాయింట్లు ఎక్కువున్నవాళ్లకు పెద్ద ఆటల టికెట్లలో ప్రాధాన్యం. దేశంలోనే బలమైన జట్టుకు కూడా ఆ అవసరం వచ్చిందంటే, ఆట ఏకపక్షమైతే జనం నిలవరని అర్థం. టీవీ ప్రకటనల కోసం ఆటను పదే పదే ఆపడం దీన్ని ఇంకా పెంచుతుంది. స్టేడియంలో ఉన్నవాళ్లు ఆ నిమిషాలన్నీ ఊరికే కూర్చోవాలి.

గేటు దగ్గర ఆగిపోయేవి ఎక్కువగా రెండు. మొదటిది సంచి. పారదర్శకంగా, 12×6×12 అంగుళాలకు మించనిది లేదా ఒక గ్యాలన్ జిప్ సంచి ఒకటే రానిస్తారు. చేతి పర్సు అరచేయంత, 4.5×6.5 అంగుళాలు. కొన్ని స్టేడియాల్లో ఇంకా కఠినం, కాబట్టి వెళ్లే ముందు రోజు వాళ్ల పేజీ చూడాలి. పాప డైపర్ల సంచికి కూడా చాలాచోట్ల ఇదే నియమం, నల్ల బ్యాక్‌ప్యాక్‌తో వెళ్తే కారుదాకా వెనక్కి నడవాల్సిందే. రెండోది ఫోన్. టికెట్లు మొబైల్‌లోనే ఉంటాయి, లక్ష ఫోన్లు ఒక్కచోట చేరితే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. ఇంట్లో ఉండగానే టికెట్లను ఫోన్ వాలెట్‌లో వేసుకోవాలి, నలుగురివీ ఒకే ఫోన్‌లో ఉంటే విడిపోకుండా కలిసి లోపలికి వెళ్లాలి. స్క్రీన్‌షాట్ చాలాచోట్ల స్కాన్ కాదు. ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వని స్టేడియాలే ఎక్కువ. వాన పడ్డా, మెరుపుల వల్ల ఆట ఆగినా డబ్బు వెనక్కి రాదు. చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెడతారు.

తిండి విషయంలో శాకాహారులకు లోపల నాచోస్, పాప్‌కార్న్, ప్రెట్జెల్, చీజ్ పిజ్జా తప్ప పెద్దగా ఏమీ ఉండదు. నాచోస్ మీద చిల్లీ వేయొద్దని చెప్పాలి, అందులో సాధారణంగా బీఫ్ ఉంటుంది. పులిహోర, పెరుగన్నం పార్కింగ్ లాట్‌లోనే తిని వెళ్లడం ఉత్తమం. ఆటకు నాలుగైదు గంటల ముందు నుంచే టెయిల్‌గేట్ (కార్ల దగ్గర తిండి, సందడి) నడుస్తుంది కాబట్టి డబ్బాలు తెరిచినందుకు ఎవరూ వింతగా చూడరు.

డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు చిన్న స్టేడియంతో మొదలుపెట్టి మూడు మెట్ల వరస చెప్పొచ్చు. యూటీ డాలస్‌కు యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు లేదు, యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో మానేసింది. మొదటి మెట్టు డెంటన్‌లోని నార్త్ టెక్సస్ జట్టు, దాదాపు 30 వేల సీట్ల స్టేడియం. అక్కడ చదివేవాళ్లకు ఆటల ప్రవేశం యూనివర్సిటీ ఫీజులోనే కలిసి ఉంటుంది. అంటే డబ్బు కట్టేసి వాడుకోకుండా వదిలేస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ వరసకు బయటిదే అయినా, మిజోరీలో మనవాళ్లు ఎక్కువగా చదివే నార్త్‌వెస్ట్ మిజోరీ స్టేట్ సంగతీ చెప్పాలి. కింది స్థాయి అయిన డివిజన్ 2 జట్టే అయినా ఆరుసార్లు జాతీయ విజేత. 6,500 మంది పట్టే మైదానంలో ఆటగాళ్ల అరుపులు కూడా వినిపిస్తాయి. మొదటిసారి చూసేవాళ్లకు లక్షమంది స్టేడియం కన్నా ఇలాంటి చోటే ఆట అర్థమవుతుంది.

కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎం స్టేడియం కైల్ ఫీల్డ్ రెండో మెట్టు. 1,02,733 మంది పడతారు. డాలస్ నుంచి 180 మైళ్లు, హ్యూస్టన్ నుంచి 95. ఆట వారాంతాల్లో హోటళ్లు రెండు రాత్రులు తీసుకోమంటాయి, అందుకే హ్యూస్టన్‌వాళ్లకు అదే రోజు వెళ్లి రావడం కలిసొస్తుంది. చిన్న జట్టుతో సెప్టెంబర్ రాత్రి ఆట దొరికితే ధర, వాతావరణం రెండూ నచ్చుతాయి.

చివరి మెట్టు అక్టోబర్ మొదటి రెండు వారాల్లో డాలస్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలో జరిగే టెక్సస్, ఓక్లహోమా ఆట. 92 వేల సీట్లు, 50 యార్డ్ లైన్ దగ్గర సరిగ్గా సగానికి చీలి రెండు జట్ల రంగుల్లో అభిమానులు. టికెట్లు రెండు యూనివర్సిటీలకే పోతాయి, బయటివాళ్లకు రీసేలే గతి, అది ఖరీదు. ఆట టికెట్‌లో టెక్సస్ స్టేట్ ఫెయిర్ ప్రవేశం కలిసే ఉంటుంది కాబట్టి మళ్లీ ఫెయిర్ టికెట్ కొనకూడదు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు. కారు వద్దు. డాలస్ రైలు డార్ట్ గ్రీన్ లైన్ ఫెయిర్ పార్క్ స్టేషన్ గేటు ముందే దింపుతుంది. తిరుగు ప్రయాణానికి ఆట అయిన వెంటనే స్టేషన్‌కు వెళ్తే పొడవాటి వరసలో చిక్కుకుంటారు. ఫెయిర్‌లో ఇంకో గంటన్నర తిరిగి వెళ్తే కూర్చునే చోటు దొరుకుతుంది.