నాలుగేళ్లు పౌడర్లు కలుపుకుని తాగాక

పొద్దున వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి), దాంతోపాటు క్రియాటిన్ (వ్యాయామం చేసేవాళ్లు బలం కోసం వాడే పొడి). రాత్రి పడుకోబోయే ముందు ఇసబ్గోల్ (మలబద్ధకానికి వాడే పీచు పొట్టు). నాలుగేళ్లుగా ఇదే వరస. ఏ కంపెనీ డబ్బా కొనాలో చెప్పడానికి ఇది రాయడం లేదు. "ఈ పౌడర్ అస్సలు బాగాలేదు" అనుకుంటూ రెండుసార్లు కంపెనీ మార్చాను. రెండుసార్లూ తప్పు నా చేతిదే.

మొదట్లో గ్లాసులో పొడి వేసి పైనుంచి నీళ్లు పోసేవాణ్ణి. అలా పోస్తే పొడి పైపైన తడిసి జిగురు పొర కడుతుంది, ఇక లోపలికి చుక్క నీరు పోదు. తాగుతుంటే ఉండ నోట్లో పగిలి పొడి అంగిట్లో అంటుకునేది. ఇప్పుడు షేకర్‌లో (మూత బిగించి గిలకొట్టే సీసా) ముందు పావు లీటరు చల్లటి నీళ్లు పోసి, తర్వాత పొడి వేసి, తీగ బంతి పడేసి అర నిమిషం గిలకొడతాను. నురగ కాస్త దిగేదాకా ఆగుతాను. ఇంతే తేడా, ఉండల బాధ వదిలింది.

వేడితో మాత్రం జాగ్రత్త. ఒక చలికాలం సలసల కాగిన పాలలో పొడి కలిపాను. వే ప్రొటీన్ 70 డిగ్రీల చుట్టుపక్కల నుంచే రూపం మారి గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది. పోషకం ఎక్కడికీ పోదు గానీ, విరిగిన పాలు తాగినట్టే ఉంటుంది. వేడిగానే కావాలంటే ముందు చల్లటి నీళ్లు కాసిని పోసి జారుగా కలుపుకుని, దాంట్లో గోరువెచ్చటి పాలు కొంచెం కొంచెంగా పోయాలి. అదీ గ్లాసులోనే. వేడి పాలు పోసి షేకర్ మూత బిగిస్తే ఏమవుతుందో మా వంటింటి పైకప్పు మీది మరక చూస్తే తెలుస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపోయింది. సోడా పోసినా ఇంతే.

ఇసబ్గోల్‌ది ప్రొటీన్‌కి పూర్తిగా తలకిందుల వ్యవహారం, కలిపాక ఆగకూడదు. కలిపి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి చెంచా నిలబడేంత చిక్కబడుతుంది. అలా చిక్కబడినది, నీళ్లు తక్కువైనది గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. పెద్ద గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగి, వెనకాలే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. మింగడం కష్టమయ్యేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోవద్దు. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు కూడా మధ్యలో ఎంత వ్యవధి ఉండాలో కనుక్కోవాలి.

క్రియాటిన్ అడుగున ఇసకలా మిగులుతోందని కల్తీ అనుకున్నాను. కాదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగేది సుమారు 14 గ్రాములే. 5 గ్రాములు పావు లీటరు చల్లటి నీళ్లలో పూర్తిగా ఎలా కరుగుతుంది? అడుగున మిగిలినదాంట్లో ఇంకాసిని నీళ్లు పోసి తాగేస్తే సరిపోతుంది. వారానికి సరిపడా ముందే కలిపి పెట్టుకోవడం మాత్రం దండగ. పొడిగా ఉన్నంతకాలం నిక్షేపంగా ఉండే క్రియాటిన్, నీళ్లలో పడ్డాక మెల్లమెల్లగా క్రియాటినిన్ అనే పనికిరాని పదార్థంగా మారిపోతుంది.

ఇక డబ్బా సంగతి. పాడవకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లటి డబ్బా బయటికి తీసి మూత తెరవగానే గాలిలోని చెమ్మ లోపల పొడి మీద చేరేది. దానికితోడు కడిగి సరిగ్గా తుడవని స్కూప్‌ని (కొలత చెంచాని) అందులోనే పడేసేవాణ్ణి. నెల తిరిగేసరికి పొడి రాయిలా బిగిసింది. తర్వాతి డబ్బాని పొయ్యి పక్క అరలో పెట్టాను, అదీ ఆవిరి పట్టి పోయింది. ఇప్పుడు ఎండ, ఆవిరి తగలని అరలో, మూత బిగించి ఉంచుతున్నాను. డబ్బాలో వచ్చే, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం చివరిదాకా అందులోనే ఉండాలి, చెత్త అనుకుని పారేయొద్దు. రంగు మారినా, ముక్క వాసన వచ్చినా ఆ పొడి పారేయడమే.

స్కూప్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. లేబుల్ మీద 30 గ్రాములు అని ఉంది, నేను నొక్కి నింపింది తూకం వేస్తే 37 వచ్చింది. డబ్బా ముందే ఎందుకు అయిపోతోందో అప్పుడు అర్థమైంది.

కలిపిన ప్రొటీన్‌ని బయట రెండు గంటలకు మించి ఉంచను. ఓసారి షేకర్‌ని బ్యాగులో మరిచిపోయి మర్నాడు తెరిచాను, ఆ కంపు గురించి రాయకపోవడమే మేలు. కడిగేటప్పుడు ముందు చన్నీళ్లే పోయాలి, వేడినీళ్లు పోస్తే ప్రొటీన్ గోడలకి అతుక్కుపోతుంది. ఎంత కడిగినా నా షేకర్‌కి ఏదో వాసన మిగిలేది. మూతలోని రబ్బరు రింగు ఊడదీయొచ్చని మూడో ఏడు తెలిసింది. చెంచా కాడతో పైకి లేపి చూస్తే, దాని కింద చుట్టూతా నల్లటి గీత.